ఎండకు డస్సిన తోపు - గాలివానకు ముందే జాగ్రత్త

నెల్లూరు తీరపు ఇసుక నేలల్లో సరుగుడు, అదే మన సర్వి తోపులు ఎందరో చిన్న రైతులకు ఆధారం. వానలు ముఖం చాటేసిన ఏడాది ఈ చెట్లు పైకి పచ్చగా ఉన్నా బలం తగ్గి ఉంటాయి. ఎండలకు తట్టుకున్నాయి కదా అని ధీమాగా ఉండకండి. అసలు గండం ఆ తర్వాత వచ్చే మొదటి గాలివానతోనే.

ఎందుకు పడతాయి?

చెట్టు సన్నని పీచువేళ్లతో నీరు పీలుస్తుంది. రోహిణి ఎండలు, ఆపై పడమటి గాలి ఇసుకలో తేమను లాగేస్తే ఈ వేళ్లు చచ్చిపోతాయి. నీరందక తల, పక్క కొమ్మలు ఎండుతాయి. మన జిల్లాలో ఎక్కువ వాన పడేది అక్టోబరు-డిసెంబరు మధ్యనే. అప్పుడు కొమ్మలు తడిసి బరువెక్కుతాయి, ఇసుక వదులవుతుంది, కొత్త వేళ్లు ఇంకా పట్టు దొరకబుచ్చుకోవు. తుఫానులు వచ్చేదీ అప్పుడే. 1989 నవంబరు తుఫాను కావలి దగ్గరే తీరం దాటింది.

గుర్తించడం ఎలా?

ఉత్తర కార్తె దాటకముందే తోపంతా ఒకసారి తిరిగి చూడండి.
- తల ఎండిన, ఒకవైపు ఒరిగిన చెట్లు.
- మొదలు చుట్టూ నేల పగుళ్లు, కుక్కగొడుగులు.
- బెరడు పొక్కులు లేచి పగిలి నల్లని పొడి రాలుతుంటే అది బూజు జాతి తెగులు. డస్సిన చెట్లకు త్వరగా సోకుతుంది.
- కొమ్మల పంగల్లో చెక్కపొట్టు, రెట్ట కలిసిన గూళ్లుంటే బెరడు తినే పురుగు చేరినట్టే. అక్కడే కొమ్మ విరుగుతుంది.

ఏం చేయాలి?

తెగులు చెట్లను వేళ్లతో సహా తీసి తోపు బయట కాల్చాలి. పక్క చెట్ల వేళ్లకు తెగులు పాకకుండా చుట్టూ కందకం తవ్వాలి. ఎండిన చెట్లను గాలి లేని ఉదయం పూట నరకండి. చెట్టుకు రెండింతల పొడవు దూరంలో ఎవరూ ఉండరాదు. ఎండుచెట్టు ఎక్కవద్దు. విరిగి పైన చిక్కుకున్న కొమ్మ కిందికి అసలే పోవద్దు. అది ఎప్పుడు జారేదీ చెప్పలేం.

తోపు కొట్టేటప్పుడు సముద్రం వైపు వరుసలను చివరికి ఉంచండి. ముందే వాటిని తీస్తే, గాలికి అలవాటు లేని లోపలి సన్నని చెట్లు పుటుక్కున విరుగుతాయి.

కరెంటు తీగల మీదికి ఒరిగిన చెట్టు జోలికి మీరు పోకుండా విద్యుత్ సిబ్బందికి చెప్పండి. రోడ్డు పక్క చెట్టయితే పంచాయతీకి తెలపండి.

పుల్లలు ఏరే ఆడవాళ్లకు, మేకలు కాసే పిల్లలకు ఒక్క మాట చెప్పి ఉంచండి: ఎండుకొమ్మ గాలి లేనప్పుడు కూడా పడుతుంది. తల ఎండిన చెట్టు నీడన కూర్చోవద్దు, మేకలను కట్టవద్దు. గాలి లేస్తే తోపులోంచి వెంటనే బయటికి రావాలి. పోయిన చెట్టును మళ్లీ నాటుకోవచ్చు, మనిషిని తెచ్చుకోలేం.