రంగు మాట వస్తే నోరు మూయించకండి

ప్రశ్న: డాలస్‌లో ప్రీస్కూల్ టీచర్ని. నాలుగేళ్ల పాప, పక్కనున్న నల్లజాతి బాబు చెయ్యి మురికిగా ఉందంది. ఏం చెప్పాలి? శిక్షణలో ఏం నేర్చుకోవాలి?

జవాబు: ముందు ఆ బాబు పక్కన నిలబడండి. "అది మురికి కాదమ్మా, తన చర్మం రంగు. చాలా బాగుంది" అని ఇద్దరికీ వినబడేలా చెప్పండి. గద్దిస్తే పాప నోరు మూస్తుందే తప్ప ఆలోచన మారదు. 1940లలో అమెరికా మనస్తత్వవేత్తలు క్లార్క్ దంపతులు తెల్లబొమ్మ, నల్లబొమ్మ చూపించి ఏది మంచిదని అడిగితే, నల్లజాతి పిల్లల్లోనే చాలామంది తెల్లబొమ్మ మంచిదన్నారు. అంత చిన్న వయసులోనే మనసుకు గాయమవుతుంది. అందుకే శిక్షణంటే ఒక్కపూట ఉపన్యాసం చాలదు. తోటి టీచర్లతో ఇలాంటి సంభాషణలు పదేపదే సాధన చేయాలి. తరగతిలోని పుస్తకాల్లో, బొమ్మల్లో ఎవరి ముఖాలున్నాయో చూసుకోవాలి. తెల్లతోలే అందమని వింటూ పెరిగిన మన తెలుగువాళ్లకు ఈ సాధన మరీ అవసరం. ఆ బాబు తల్లిదండ్రులతో ఈ వారమే మాట్లాడండి.