అప్పు కంటే ముందు పొదుపు చూపించండి

ప్రశ్న: అమెరికాలో చదువుతున్న మా మేనకోడలు స్నేహితులతో వేసవిలో వస్తానంటోంది. చిన్న అప్పులు తీసుకున్న ఆడవాళ్లను కలిసి, సేవ చేస్తారట. ఎక్కడికి తీసుకెళ్లాలి?
- ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: వేసవి వద్దమ్మా. రెంటచింతల ఎండకు మనమే తాళలేం. ఫిబ్రవరి, మార్చిలో మిర్చి కోతలు, ఎవరికీ తీరికుండదు. డిసెంబరు సెలవుల్లో రమ్మనండి.

ముందు మండల సమాఖ్యలో మాట్లాడి, ఒక డ్వాక్రా సంఘం సమావేశానికి తీసుకెళ్లండి. పది పన్నెండు మంది చాప మీద కూర్చుని పొదుపు డబ్బు లెక్కపెట్టడం, తీర్మానాల పుస్తకంలో వరసగా సంతకాలు పెట్టడం కళ్లారా చూడనివ్వండి. మన సంఘాల్లో ముందు సొంత పొదుపు, ఆ తర్వాతే బ్యాంకు అప్పు. బలమంతా అక్కడుంది.

చేదు సంగతీ దాచొద్దు. ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడిపై గగ్గోలు రేగి, 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది.

పదిమందిలో ‘నీ అప్పెంత?’ అని అడగొద్దనండి. అడక్కుండా ఫొటోలు తీయొద్దు. ఒకరి చేతిలో డబ్బు పెడితే సంఘంలో చిచ్చు పెట్టినట్టే. వారం రోజుల్లో వాళ్లు చేయగల సేవ కొంచెమే, నేర్చుకునేది మాత్రం చాలా. ఆ మాట ముందే చెప్పండి.