'సై' సినిమాలో ఆడిన ఆట ఏది?

మొన్న హాస్టల్ టీవీలో 'సై' సినిమా వేసినప్పుడు వేణుమాధవ్ నల్లబాలు వేషానికి అందరం పడి పడి నవ్వినం. కానీ ఆఖరున ఆడిన ఆటను "అదంతా కొట్లాటనే" అని కొందరు అన్నారు. కాదు. అది రగ్బీ.

'సై' 2004లో వచ్చింది, దర్శకుడు రాజమౌళి. నితిన్, శశాంక్ ఒకే కాలేజీలో రెండు గ్యాంగులు. కాలేజీ స్థలాన్ని భిక్షు యాదవ్ అనే రౌడీ కాజేస్తే, ఇద్దరూ ఒక్కటై ఆ స్థలమే పందెంగా అతని జట్టుతో ఆడతారు. (మా ఏజెన్సీలో భూమి తగాదా వస్తే 1/70 చట్టం పేరు చెప్పి ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. ఆట ఆడి తేల్చుకున్నది నేనెక్కడా వినలేదు.) ఇంతకుముందే 2001లో హాంకాంగ్‌లో స్టీఫెన్ చౌ 'షావోలిన్ సాకర్' తీసిండు. అందులో కుంగ్‌ఫూ వచ్చినవాళ్ళు ఫుట్‌బాల్ ఆడతారు, బంతికి నిప్పంటుకుంటది. అదీ నవ్వులాటే. అయితే అందులో ఆఖరుకు గోల్ కాపాడేది రొట్టెలు చేసే అమ్మాయి. మన 'సై'లో జెనీలియా పోటీలో ఆడదు. ఇది నాకు నచ్చలేదు.

ఇప్పుడు నియమాలు. రగ్బీ బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటది. చేత్తో బంతిని ముందుకు వేయకూడదు, పక్కకో వెనక్కో వేయాలి. అంటే ముందుకు ఉరుకుతూ వెనకున్నవాళ్ళకు ఇయ్యాలన్నమాట. కాలితో అయితే ముందుకు తన్నొచ్చు. అవతలి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే 'ట్రై', 5 పాయింట్లు. బంతి ఉన్నవాళ్ళనే పట్టి పడేయాలి, అదీ భుజాల కిందనే. మెడ పట్టినా గుద్దినా తప్పు, రెడ్ కార్డు ఇచ్చి బయటికి పంపొచ్చు. సినిమాలో రౌడీలు చేసినట్టు నిజంగా చేస్తే జట్టులో ఒక్కరూ మిగలరు!

అమ్మాయిలకు ఈ ఆట ఎందుకు అనేవాళ్ళకు ఒక సంగతి. భువనేశ్వర్‌లో 'కిస్' అనే ఆశ్రమ విద్యాసంస్థ ఉంది. అక్కడ మనలాగే ఆదివాసీ పిల్లలు హాస్టల్‌లో ఉండి చదువుతారు. 2007లో అక్కడి అబ్బాయిలు లండన్ పోయి 14 ఏళ్ళలోపు పిల్లల పోటీ గెలిచారు. 2019లో మనీలాలో మన దేశ మహిళల జట్టు సింగపూర్‌ను 21-19తో ఓడించింది. 15 మంది ఆడే రగ్బీలో మన మహిళలకు అదే మొదటి అంతర్జాతీయ గెలుపు. ఆఖర్లో పెనాల్టీ కొట్టి గెలిపించిన సుమిత్రా నాయక్ ఆ కిస్‌లో చదివిన అమ్మాయే! ఇది చదివి నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

ఏడుగురు ఆడే రగ్బీ కూడా ఉంది. సగానికి 7 నిమిషాలే. 2016 నుండి ఒలింపిక్స్‌లో ఉన్నది అదే. మన గ్రౌండు చిన్నది, రాళ్ళున్నాయి. కాబట్టి పడేయకుండా, చేత్తో ముట్టుకుంటే పట్టినట్టే అని ఆడుకోవచ్చు. శంషాబాద్ విమానాలు నెత్తి మీదుగా పోయేటప్పుడు విజిల్ వినబడదు గనుక రిఫరీ చెయ్యి కూడా ఎత్తాలి.

గుడ్డు బంతి తెప్పించమని పి.ఇ.టి. మేడమ్ గారిని, వార్డెన్ మేడమ్ గారిని కోరుతున్నాం. అది వచ్చేదాకా వాలీబాల్‌తోనే వెనక్కి వేయడం నేర్చుకుంటాం. ఇప్పటికి నలుగురం అయినాం, ఇంకా ముగ్గురు కావాలి. పేర్లు ఈ కాగితం కిందనే పెన్సిల్‌తో రాయండి.

- 9వ తరగతి విద్యార్థిని