వాసన తెలియడం లేదా?

పొయ్యి మీద కూర మాడింది. ఆ వాసన వీధి దాకా వెళ్లింది. పొయ్యి దగ్గరే ఉన్న కోడలికి మాత్రం తెలియలేదు. "నీ ధ్యాస ఎక్కడుంది?" అని అత్త కోప్పడింది. నిజానికి కోడలికి నెల రోజులుగా ఏ వాసనా తెలియడం లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

చూపు తగ్గితే ఆసుపత్రికి వెళతాం. వాసన తెలియకపోతే "పోనీలే" అనుకుంటాం. అది సరి కాదు.

ముక్కు లోపల బాగా పైన, రెండు కళ్ల మధ్య ఎత్తులో, ఒక చిన్న చోటు ఉంది. వాసన పట్టే నరాలు అక్కడ ఉంటాయి. అవి దారపు పోగుల్లా సన్నగా ఉంటాయి. జల్లెడ లాంటి ఎముకలోంచి మెదడుకు వెళతాయి.

గాలి ఆ చోటికి చేరకపోతే వాసన తెలియదు. జలుబు చేసినా, ముక్కులో కండ పెరిగినా దారి మూసుకుపోతుంది. దారి బాగున్నా, నరాలు దెబ్బతింటే వాసన తెలియదు. 2020, 2021లో కోవిడ్ వచ్చినప్పుడు చాలామందికి ముక్కు దిబ్బడ లేకుండానే వాసన పోయింది. తలకు గట్టి దెబ్బ తగిలితే ఆ పోగులు తెగిపోవచ్చు. వయసు మీద పడినా వాసన తగ్గుతుంది.

డాక్టరు ఏం చూస్తారు?

ముక్కు, చెవి, గొంతు చూసే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ముందు అడుగుతారు. "ఎప్పటి నుంచి? ఒక్కసారిగా పోయిందా, మెల్లగా తగ్గిందా? జలుబు చేసిందా? తలకు దెబ్బ తగిలిందా?" ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇంట్లో ఎవరైనా కొట్టిన దెబ్బ అయినా దాచకండి.

తర్వాత లైటు వేసి ముక్కు లోపల చూస్తారు. ముక్కు దూలం వంకరగా ఉందా? చీము ఉందా? కండ పెరిగిందా? ఈ కండ తొక్క తీసిన ద్రాక్షపండులా పాలిపోయి, నున్నగా ఉంటుంది. కానీ వాసన పట్టే చోటు లైటు వెలుగుకు అందదు. అందుకని తిమ్మిరెక్కే మందు వేసి, సన్నని గొట్టం లోపలికి పంపి చూస్తారు. తుమ్ము రావచ్చు, కళ్లలో నీళ్లు రావచ్చు. కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. భయం లేదు.

వాసన కూడా పరీక్షిస్తారు. కళ్లు మూసుకోమంటారు. ఒక పక్క ముక్కు మూసి, రెండో పక్క వాసన చూపిస్తారు. ఒక పక్క వాసన పోయినా, రెండో పక్క బాగుంటే మనకు తెలియదు. ఇంట్లో మీరూ చూసుకోవచ్చు. కాఫీ పొడి, సబ్బు, యాలకులు చాలు. తలనొప్పి బాం మాత్రం వద్దు. దాని ఘాటును వేరే నరం పడుతుంది. వాసన పూర్తిగా పోయినవాళ్లకు కూడా బాం మంట తెలుస్తుంది.

"ముక్కు లోపల బాగానే ఉంది" అని డాక్టరు అంటే రోగం లేదని కాదు. దారి బాగుంది, నరం సంగతి చూడాలని. అప్పుడు స్కానింగు తీయించమనవచ్చు. కండకు, వాపుకు మందులు ఉన్నాయి. అవసరమైతే ఆపరేషన్ చేస్తారు. జలుబు తర్వాత నరం దెబ్బతింటే, రోజుకు రెండుసార్లు నిమ్మ, లవంగం లాంటి నాలుగు వాసనలు ధ్యాస పెట్టి చూడమంటారు. నెలల తరబడి చెయ్యాలి. కొందరికి కొంత తిరిగి వస్తుంది.

ఒక పక్కే ముక్కు మూసుకుపోయి రక్తం పడుతున్నా, తలకు దెబ్బ తగిలాక ముక్కులోంచి నీళ్లలా కారుతున్నా ఆలస్యం చెయ్యకండి.

వాసన తెలియని ఇంటి ఆడవాళ్లకు గ్యాసుతో ప్రమాదం. వంట గ్యాసుకు సొంత వాసన లేదు. కారితే తెలియాలని చెడు వాసన వచ్చే మందు కలుపుతారు. ముక్కు పనిచేయకపోతే అదీ తెలియదు. అందుకని వంట కాగానే రెగ్యులేటర్ కట్టేయండి. అప్పుడప్పుడు ట్యూబు అతుకుల దగ్గర సబ్బు నురుగు రాయండి. బుడగలు వస్తే గ్యాసు కారుతున్నట్టే. వెంటనే కట్టేయండి. తలుపులు తీయండి. లైటు స్విచ్ ముట్టుకోకండి. బయటికి వచ్చి 1906కు ఫోన్ చెయ్యండి.