మీ పాప పుట్టిన నెల చూశారా?



ఈత పోటీల్లో ఒకే ఏడాది పుట్టిన పిల్లలంతా ఒకే వయసు గ్రూపులో దిగుతారు. జనవరి పాపకూ డిసెంబరు పాపకూ పదకొండు నెలల తేడా. పదేళ్ల వయసులో అది ఎత్తులో, చేతుల పొడవులో, బలంలో కనిపిస్తుంది. పెద్ద పాపకు మెడల్, చిన్న పాపకు "నీకు రాదులే" అన్న మాట. దీన్నే రిలేటివ్ ఏజ్ ఎఫెక్ట్ అంటారు.

ఎదిగేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది. సెప్టెంబరులో పుట్టిన సజన్ ప్రకాశ్, 2021లో ఒలింపిక్స్ 'ఏ' అర్హత టైమింగ్ అందుకున్న తొలి భారత స్విమ్మర్.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ తల్లిదండ్రులకు మా మనవి: ఒక్క ఓటమికే కోచింగ్ మాన్పించకండి. సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీ మార్పించాలని అసలు అనుకోకండి. పక్క లేన్ పాపతో కాదు, మీ పాప పోయిన నెల టైమింగ్‌తోనే పోల్చి చూడండి.