చదువుకు, కొలువుకు ఆడ మగ భేదమున్నదా?

కళాశాలలో ఏ శాఖ తీసుకోవాలన్న ప్రశ్న రాగానే మన ఇళ్లలో మార్కుల కంటె ముందు వినిపించే మాటలు రెండు: "అది మగపిల్లల చదువు", "ఇది ఆడపిల్లలకు తగిన ఉద్యోగం". యంత్రశాల అబ్బాయిలకు, నర్సింగు అమ్మాయిలకు అన్న విభజన ప్రకృతి చేసినదా, మనం చేసుకొన్నదా? సమాధానానికి దూరం పోనక్కరలేదు. ఈ చెన్నపట్టణంలోని తెలుగువారి చరిత్రలోనే రెండు ఉదాహరణలు ఉన్నవి.

మొదటిది అయ్యలసోమయాజుల లలిత గారి జీవితం. ఆమె 1919లో మదరాసులో ఒక తెలుగు కుటుంబంలో జన్మించారు. పద్దెనిమిదవ ఏట భర్తను కోల్పోయేనాటికి ఆమె చేతిలో నెలల పసిబిడ్డ ఉన్నది. అటువంటి స్థితిలో ఉన్న యువతికి ఉన్నత విద్య అన్న ఊహే ఆనాడు అరుదు. గిండీ ఇంజనీరింగు కళాశాలలో అంతవరకు స్త్రీలు చదివి ఉండలేదు. అక్కడ ఆచార్యులుగా ఉన్న ఆమె తండ్రి పప్పు సుబ్బారావు గారు అధికారులను ఒప్పించి కుమార్తెను చేర్పించారు. 1943లో ఆమె విద్యుత్ ఇంజనీరింగులో పట్టభద్రురాలైనారు. పట్టాపత్రంలో పురుషవాచకం ముందే అచ్చయి ఉండటంతో దానిని కొట్టివేసి స్త్రీవాచకం చేర్చి ఇవ్వవలసి వచ్చినది. తరువాత ఆమె భాక్రా నంగల్ ఆనకట్టకు సంబంధించిన విద్యుత్ ప్రసార మార్గాల రూపకల్పనలో పనిచేశారు. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సమావేశంలో పాల్గొన్నారు.

రెండవ ఉదాహరణ ఇందుకు ఎదురుదిక్కున ఉన్నది. కృష్ణా తీరాన పుట్టిన కూచిపూడి నాట్యం తరతరాలుగా పురుషుల విద్య. స్త్రీ పాత్రలను కూడా పురుషులే ధరించేవారు. సత్యభామ వేషంలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు దేశమంతటా కీర్తి పొందారు. వెంపటి చినసత్యం గారు 1963లో ఈ నగరంలో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి ఎందరో అమ్మాయిలకు ఆ విద్య నేర్పారు. నేడు నాట్యం నేర్చుకొంటానన్న అబ్బాయిని "అది ఆడపిల్లల పని" అని వారించే ఇళ్లు ఉన్నవి. కొద్ది తరాలలోనే ఒక విద్యకు తగిలించిన పేరు తలక్రిందులైనది. మారగలిగినది ప్రకృతి ధర్మం కాదు, అలవాటు మాత్రమే.

అయితే ఆ అలవాటు విద్యార్థుల మనస్సుపై వేసే భారం చిన్నది కాదు. 2019 జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు అందుకు వెచ్చించేవారు. అన్నాచెల్లెళ్లు ఒకే పరీక్షకు చదువుతున్నా, వంటింటి పని చెల్లెలి వంతే అయితే ఇద్దరికీ చదువుకొనే సమయం సమానం కాదు. అలసటను ఆమె అశ్రద్ధగా లెక్కకట్టడం అన్యాయం.

మగపిల్లల భారం వేరు. పొట్టకూటికి ఊరు విడిచి వచ్చిన కుటుంబాలలో ఆశలన్నీ ఒక్క కుమారుని జీతం మీద నిలుస్తాయి. ఇష్టం లేని శాఖలో చేరినవాడు తప్పినా చెప్పుకోలేడు. "మగవాడు ఏడవరాదు" అన్న మాట నోరు కట్టివేస్తుంది. జాతీయ నేర రికార్డుల సంస్థ 2022 నివేదికలో ఆత్మహత్యకు బలైన ప్రతి పదిమందిలో సుమారు ఏడుగురు పురుషులే. ఇందుకు కారణాలు అనేకం. కాని బాధ చెప్పుకోవడం చిన్నతనమన్న భావన సహాయాన్ని దూరం చేస్తుందన్నది గుర్తించదగినది.

కుటుంబం చేయగలిగినవి మూడు ఉన్నవి. శాఖను ఎంచుకొనేటప్పుడు బిడ్డ అభిరుచిని, సామర్థ్యాన్ని ముందు అడగాలి. ఇంటిపనిని కొడుకులకు, కూతుళ్లకు సమంగా పంచాలి. నిద్ర తగ్గడం, తిండి మానడం, స్నేహితులకు దూరం కావడం వంటి మార్పులు కనిపిస్తే మందలించక కూర్చుండబెట్టి వినాలి. అవసరమైతే కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ సంఖ్య 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చును, తెలుగులోనూ మాట్లాడవచ్చును. ప్రభుత్వ ఉద్యోగాలలో స్త్రీ పురుష వివక్ష కూడదని రాజ్యాంగం 16వ అధికరణం చెబుతున్నది. ఆ సమానత్వానికి తొలి పాఠం ఇంటిలోనే మొదలు కావాలి.

ఆలోచించవలసిన ప్రశ్నలు

1. మీ ఇంటిలో ఒక రోజు ఇంటిపనికి ఎవరెవరు ఎన్ని నిమిషాలు వెచ్చిస్తున్నారో వ్రాసి చూడండి. ఏమి గమనించారు?

2. మీ తాతల కాలంలో పురుషులకే పరిమితమై, నేడు స్త్రీలు కూడా చేస్తున్న వృత్తులు ఏవి? స్త్రీలవే అనుకొన్న పనులలో పురుషులు చేరినవి ఏవి?

3. మీ బిడ్డ తన చదువును గురించి చివరిసారి మనసు విప్పి మాట్లాడినది ఎప్పుడు? అప్పుడు మీరు విన్నారా, తీర్పు చెప్పారా?