కంప్యూటరులో మన రెండు భాషలు: నిత్యోపయోగ సాధనాల పరిచయం

మదీనాగూడ అనే పేరులోనే రెండు భాషల పొత్తు ఉన్నది. ‘మదీనా’ అరబ్బీ నుండి ఉర్దూ ద్వారా మన నాలుకకు వచ్చిన మాట. ‘గూడ’ తెలుగు ఊరిపేర్లలో విరివిగా వినిపించే మాట. బొంబాయి రహదారిపై మియాపూరు, చందానగర్‌ల నడుమ ఉన్న ఈ ప్రాంతం నేడు సాఫ్ట్‌వేరు పరిశ్రమకు ఇరుగుపొరుగు. 1998 నవంబరులో నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. గచ్చిబౌలిలోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక విజ్ఞాన సంస్థ, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కూడ ఆ సంవత్సరమే స్థాపించబడ్డాయి. ఒకే ఏడాదిలో, కొద్ది మైళ్ళ పరిధిలో, యంత్రవిద్యకూ భాషావిద్యకూ పునాదులు పడటం గమనార్హం.

అయినప్పటికీ ఒక వైపరీత్యం మన కళ్ళ ముందే ఉన్నది. ప్రపంచ దేశాలకు సాఫ్ట్‌వేరు తయారుచేసి పంపే ఈ ప్రాంతంలో చదువుకొంటున్న విద్యార్థి, ఇంటికి నాలుగు మాటలు వ్రాయవలసివస్తే తెలుగునో ఉర్దూనో ఆంగ్ల లిపిలో వ్రాస్తున్నాడు. కళాశాల పత్రికకు వ్యాసం ఇవ్వవలసివస్తే కాగితంపై వ్రాసి, డి.టి.పి. దుకాణంలో టైపు చేయిస్తున్నాడు. పత్రిక అచ్చయిన కొన్నాళ్ళకు ఆ టైపు చేసిన ప్రతి ఎక్కడ ఉన్నదో ఎవరికీ తెలియదు. దొరికినా తెరచి చదవటం సాధ్యపడదు. చేతిలో యంత్రం ఉన్నది, నోటిలో భాష ఉన్నది. ఆ రెండింటినీ కలిపే సాధనాల పరిచయమే కొరవడినది. వీటిలో అధికభాగం ఉచితంగా లభిస్తాయి. కొన్ని వినోదాన్ని కూడ ఇస్తాయి. వాటిని విద్యార్థులకు పరిచయం చేయటం, కళాశాల కమిటీవారికి ఒకటి రెండు సూచనలు విన్నవించటం ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

అక్షరానికి ఒక సంఖ్య

సాధనాలను గురించి చెప్పబోయే ముందు ఒక మౌలిక విషయాన్ని గ్రహించాలి. కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, సంఖ్యలే తెలుసును. ప్రతి అక్షరాన్నీ అది ఒక సంఖ్యగా దాచుకొంటుంది. ఏ అక్షరానికి ఏ సంఖ్య అన్నది ప్రపంచమంతటా ఒకే విధంగా ఉంటేనే ఒకరు వ్రాసినది మరొకరు చదవగలరు. ఈ ఏర్పాటు పేరు యూనికోడు. 1991లో వెలువడిన మొదటి రూపంలోనే తెలుగుకూ, ఉర్దూకు ఆధారమైన అరబ్బీ లిపికీ స్థానం లభించింది. తెలుగుకు 128 స్థానాలు కేటాయించబడ్డాయి. అంతకు ముందు 1988లో మన దేశంలో భారతీయ లిపుల కొరకు రూపొందిన ప్రమాణమే ఈ అమరికకు మూలం.

ఉదాహరణకు ‘క’ అనే తెలుగు అక్షరం సంఖ్య 3093. ఉర్దూలోని ‘కాఫ్’ సంఖ్య 1705. ‘క్ష’ అని వ్రాస్తే యంత్రం దాచుకొనేది ఒక బొమ్మను కాదు. 3093, 3149, 3127 అనే మూడు సంఖ్యలను, అనగా ‘క’, పొల్లు, ‘ష’ అనే మూడింటిని. వాటిని కలిపి సంయుక్తాక్షరంగా చూపించే పని ఫాంటుది.

యూనికోడు వ్యాప్తిలోకి రాక పూర్వం డి.టి.పి. పనికి తయారైన పాత ఫాంట్లలో ఈ పద్ధతి లేదు. అక్కడ ఆంగ్లాక్షరాల స్థానాలలోనే తెలుగు ఆకృతులను కూర్చోబెట్టారు. ఆ రోజుల్లో అంతకంటె మార్గం లేదు. ఆ ఫాంట్ల వలననే తెలుగు అచ్చుపని కంప్యూటరుపైకి వచ్చింది. కాని ఆ ఫాంటు లేని యంత్రంలో ఫైలు తెరిస్తే అర్థం లేని ఆంగ్లాక్షరాల గుంపు కనిపిస్తుంది. అందులో ఒక మాటను వెదకలేము. మరొకరికి పంపితే వారు చదవలేరు.

మీ వ్యాసం ఏ పద్ధతిలో ఉన్నదో తెలుసుకొనే పరీక్ష సులభం. అందులోని ఒక వాక్యాన్ని నకలు చేసి ఫోనులోని సందేశంలో అతికించండి. తెలుగు తెలుగుగానే కనిపిస్తే అది యూనికోడు. చిందరవందరగా కనిపిస్తే పాత ఫాంటు.

వ్రాయటానికి సాధనాలు

తెలుగు వ్రాయటానికి ప్రత్యేకమైన కీబోర్డు కొనవలసిన పని లేదు. విండోస్‌లో భాషల అమరికకు వెళ్ళి తెలుగునూ ఉర్దూనూ చేర్చుకొంటే చాలు. విండోస్ మీటనూ ఖాళీ మీటనూ కలిపి నొక్కినపుడల్లా భాష మారుతుంది. అందులో లభించే ఇన్‌స్క్రిప్టు మన ప్రభుత్వం ప్రమాణంగా నిర్ణయించిన అమరిక. దానిలో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపునా, హల్లులు కుడిచేతి వైపునా ఉంటాయి. తెలుగు ‘క’ ఉన్న మీటపైనే హిందీ ‘క’, కన్నడ ‘క’ కూడ ఉంటాయి. కనుక ఒక భాషకు నేర్చిన వ్రేళ్ళు మరొక భాషకూ పనికివస్తాయి. రోజుకు అరగంట సాధన చేస్తే కొద్ది వారాలలో చేయి తిరుగుతుంది.

అంత ఓపిక లేనివారికి ఉచ్చారణ పద్ధతి ఉన్నది. ఆంగ్లాక్షరాలలో పలుకుబడి ప్రకారం కొడితే తెలుగు అక్షరాలు వస్తాయి. ఈ పద్ధతికి మూలం 1990ల ప్రారంభంలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువారు ఏర్పరచుకొన్న లిప్యంతరీకరణ విధానం. ఇంటర్నెట్టులో తెలుగు అక్షరాలు కనిపించని కాలంలో, దూరదేశాలలోని తెలుగువారు ఆ విధానంలోనే పరస్పరం వ్రాసుకొన్నారు. తరువాత వెన్న నాగార్జున పాత ఫాంట్లలోని తెలుగును యూనికోడుకు మార్చే ‘పద్మ’ అనే సాధనాన్ని రూపొందించారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికినవారు కూడ ఆయనే. వీవెన్ రూపొందించిన ‘లేఖిని’ ఎందరికో కంప్యూటరులో తెలుగు వ్రాయటం అలవాటు చేసింది. ఉర్దూ వికీపీడియా 2004 జనవరిలో ప్రారంభమైనది. రెండు భాషలవారూ ఇంచుమించు ఒకే సమయంలో ఈ కృషికి పూనుకొన్నారన్న మాట.

ఫోనులో మరొక సౌకర్యం ఉన్నది. 2017లో గూగుల్ తన మాటలను వ్రాసే సాధనంలో తెలుగునూ ఉర్దూనూ చేర్చింది. నోటితో చెబితే ఫోను వ్రాస్తుంది. అక్కడక్కడ పొరపాట్లు దొర్లుతాయి, దిద్దుకొనక తప్పదు. అయినా చదువు రాని పెద్దలు చెప్పే సంగతులను వారి మాటలలోనే వ్రాసుకోవటానికి ఇది చక్కని మార్గం.

అక్షర సౌందర్యం

తెలుగులో నేడు ఉచిత ఫాంట్లకు కొదువ లేదు. తిరుమల కృష్ణ దేశికాచారి రూపొందించిన ‘పోతన’, ‘వేమన’ యూనికోడు ఫాంట్లు తొలినాళ్ళలో ఎందరికో ఆధారమైనాయి. తరువాత ‘మండలి’, ‘గిడుగు’, ‘గురజాడ’, ‘ధూర్జటి’, ‘సురవరం’ మొదలైన పేర్లతో ఎన్నో వెలువడ్డాయి. శీర్షికకు ఒకటి, వ్యాసానికి ఒకటి ఎన్నుకొని పుటను అలంకరించటం విద్యార్థులకు వినోదభరితమైన అభ్యాసం.

ఉర్దూ సమస్య ఇంతకంటె జటిలమైనది. నస్తాలీఖ్ లిపిలో అక్షరాలు సరళరేఖపై నిలువవు. కుడినుండి ఎడమకు వాలుగా దిగుతూ ఒకదానినొకటి పెనవేసుకొంటాయి. అందువలననే ఇతర భాషలు అచ్చు అక్షరాలకు మారిన తరువాత కూడ ఉర్దూ పత్రికలను చిరకాలం కాతిబులు చేతితోనే వ్రాశారు. హైదరాబాదు ఉర్దూ పత్రికారంగం కూడ ఆ కాతిబుల వ్రేళ్ళపైననే నడిచింది. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ వేలకొలది అక్షర సంపుటులను ఓర్పుతో వ్రాసి ‘నూరీ నస్తాలీఖ్’ను యంత్రానికి అందించారు. 1994లో ఢిల్లీ నుండి వెలువడిన ‘ఇన్‌పేజ్’ దానిని సామాన్య కంప్యూటరుపైకి తెచ్చింది. నేడు ‘నోటో నస్తాలీఖ్ ఉర్దూ’ వంటి యూనికోడు ఫాంట్లు ఉచితంగానే లభిస్తున్నాయి.

రెండు దిక్కుల పుట

మన పత్రిక వంటి ద్విభాషా పత్రికకు మరొక చిక్కు ఉన్నది. తెలుగు ఎడమనుండి కుడికి, ఉర్దూ కుడినుండి ఎడమకు నడుస్తాయి. ఈ రెండింటినీ ఒకే పుటపై అమర్చగల సాధనం ‘లిబ్రె ఆఫీసు’. 2010లో ఈ పేరుతో వెలసిన ఈ సాఫ్ట్‌వేరు పూర్తిగా ఉచితం. వ్యాసరచన, లెక్కల పట్టికలు, ఉపన్యాస చిత్రాలు అన్నిటికీ సరిపోతుంది. అందులో సంక్లిష్ట లిపుల సౌకర్యాన్ని ఎన్నుకొన్న పిదప, ఒక్కొక్క పేరాకు దిక్కును వేరువేరుగా నిర్ణయించవచ్చును. ఉర్దూ కవితనూ దాని తెలుగు అనువాదాన్నీ ప్రక్కప్రక్కన రెండు గడులలో ఉంచి అచ్చు వేయటం దీనితో సులభసాధ్యం.

పాత సంచికల మాట ఏమిటన్న ప్రశ్న రావచ్చును. దానికి ‘టెసరాక్టు’ అనే సాధనం ఉన్నది. 1985లో హ్యూలెట్ ప్యాకర్డు సంస్థలో ప్రారంభమై, 2005లో అందరికీ బహిరంగం చేయబడిన ఈ సాఫ్ట్‌వేరు, అచ్చుపుట ఛాయాచిత్రాన్ని చూచి అందులోని అక్షరాలను గుర్తించి తిరిగి వ్రాస్తుంది. తెలుగులో ఒత్తుల వద్ద, ఉర్దూలో చుక్కల వద్ద తడబడుతుంది. అయినా మొత్తం మరల టైపు చేయటం కంటె తప్పులు దిద్దటం తేలిక.

చూపు లేని సోదరులకు ఉపకరించే సాధనం ‘ఎన్.వి.డి.ఏ.’. చూపు లేని ఆస్ట్రేలియా యువకుడు మైకేల్ కరన్ 2006లో దీనికి శ్రీకారం చుట్టాడు. ఇది తెరపై ఉన్న మాటలను బిగ్గరగా చదివి వినిపిస్తుంది, తెలుగును కూడ చదువుతుంది. అయితే అది చదవగలిగేది యూనికోడు తెలుగును మాత్రమే. పాత ఫాంటులో వ్రాసిన వ్యాసం చూపు ఉన్నవారికి అచ్చుపుటపై కనిపిస్తుంది. చూపు లేనివారికి మూగదైపోతుంది. అక్షరానికి సరియైన సంఖ్య ఉండటం ఎంత అవసరమో ఇంతకంటె స్పష్టంగా మరెక్కడా తెలియదు.

వినోదమూ విజ్ఞానమూ

పనికి వచ్చేవి మాత్రమే సాధనాలు కావు. మనస్సుకు ఉల్లాసం కలిగించేవి కూడ కావాలి. వాటిలో ‘స్టెల్లేరియం’ మాకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది. ఫ్రాన్సు దేశీయుడు ఫాబియన్ షేరో ప్రారంభించిన ఈ సాఫ్ట్‌వేరు మన గదిలోకి ఆకాశాన్ని దించుతుంది. హైదరాబాదును స్థలంగా ఎన్నుకొని తేదీ, వేళ చెబితే ఆనాటి నక్షత్రాలు, గ్రహాలు, చంద్రుడు తెరపై నిలుస్తాయి. ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమినాడు, ఈదుల్‌ఫితర్ షవ్వాల్ మొదటి దినాన వస్తాయి. రెండింటికీ లెక్క చంద్రునితోనే. రంజాను నెల చివరి సాయంత్రాలలో సూర్యుడు అస్తమించిన పిదప చంద్రరేఖ పడమట ఎంత ఎత్తున ఉంటుందో ఇందులో చూడవచ్చును. పండుగ నిర్ణయం నెలవంకను కంటితో చూచి పెద్దలు చేసేదే. ఆ చంద్రుని కొరకు ఏ దిక్కుకు, ఏ వేళకు చూడాలో ఈ సాధనం నేర్పుతుంది. 1901లో నవాబు జఫర్ జంగు మన నగరంలో స్థాపించిన నిజామియా వేధశాల 1908లో నిజాం ప్రభుత్వం క్రిందకు వచ్చి, తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చేరినది. ఆకాశ పరిశీలనలో అంతటి సంప్రదాయం గల నగరవాసులకు ఈ వినోదం తగినదే.

రెండవది ‘ఆడాసిటీ’. 2000 సంవత్సరంలో వెలువడిన ఈ సాధనంతో ధ్వనిని ముద్రించి, అనవసరమైన భాగాలను కత్తిరించి, రొదను తగ్గించవచ్చును. అమ్మమ్మ చెప్పే కథను, నానీమా పాడే జోలపాటను, తాతగారి నోట హైదరాబాదు దక్కనీ నుడికారాన్ని భద్రపరచుకోవటానికి ఇది చాలు. ముషాయిరాలో కవితను చదివిన తీరు గాని, అవధానంలో పద్యాన్ని పాడిన రాగం గాని కాగితానికి ఎక్కవు కదా.

ఉచితమూ స్వేచ్ఛా

ఇటువంటి సాధనాలను ఆంగ్లంలో ‘ఫ్రీ’ సాఫ్ట్‌వేరు అంటారు. ఆ మాటకు రెండు అర్థాలు. మన భాషలలో ఆ తికమక లేదు: ఉర్దూలో ‘ముఫ్త్’ వేరు, ‘ఆజాద్’ వేరు, తెలుగులో ‘ఉచితం’ వేరు, ‘స్వేచ్ఛ’ వేరు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన ఉద్యమం కోరినది ఈ రెండవదానిని: సాఫ్ట్‌వేరును వాడుకోవటానికి, పరిశీలించటానికి, మార్చుకోవటానికి, పంచుకోవటానికి స్వేచ్ఛ. హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ సంస్థ ఆ పేరునే ధరించి తెలుగులో ఈ కృషి చేసింది. వెల పెట్టలేక దొంగ ప్రతులను ఎక్కించుకొనే అలవాటు చట్టవిరుద్ధమే కాక ప్రమాదకరం కూడ. వాటి వెంట వచ్చే దుష్ట సాఫ్ట్‌వేరు మన ఫైళ్ళను, రహస్య పదాలను అపహరిస్తుంది. కాబట్టి ఏ సాధనాన్నైనా దాని నిర్మాతల స్వంత స్థానం నుండే దించుకోవాలి.

కమిటీవారికి మనవి

2017లో ఉర్దూ తెలంగాణ రాష్ట్రమంతటా రెండవ అధికార భాష అయినది. చట్టం గౌరవం ఇవ్వగలదు, వాడుకను ఇవ్వజాలదు. వాడుక మన చేతులలో ఉన్నది. అందుకు మూడు చిన్న పనులు చేయవచ్చునని మేము భావిస్తున్నాము. మొదటిది, పత్రికకు వచ్చే తెలుగు, ఉర్దూ రచనలను యూనికోడులోనే స్వీకరించటం. రెండవది, ప్రతి సంచిక ప్రతిని అచ్చుతో పాటు ఫైలు రూపంలో కూడ గ్రంథాలయంలో ఒకటి, వేరొక చోట ఒకటి భద్రపరచటం. మూడవది, ప్రతి విద్యాసంవత్సర ప్రారంభంలో రెండు భాషల టైపు నేర్పే తరగతిని వారానికి ఒక గంట నడపటం. తెలుగు వచ్చిన విద్యార్థి ఉర్దూ విద్యార్థికి, ఉర్దూ వచ్చినవారు తెలుగువారికి నేర్పితే వేరే ఖర్చు ఉండదు.

విద్యార్థి సోదర సోదరీమణులారా! ఈ సంచికలో మీరు వ్రాసిన వ్యాసాన్ని, కవితను ఇరవై ఏళ్ళ తరువాత మీ బిడ్డలు వెదికి చదువుకోగలగాలి. దానికి గొప్ప యంత్రాలు అక్కరలేదు. ఈ రోజే మీ ఫోనులో మీ భాషను చేర్చుకొని, ఇంటికి వ్రాసే మొదటి సందేశాన్ని మీ లిపిలో వ్రాయండి. ఆ అలవాటు నుండి తక్కినవన్నీ వాటంతట అవే సమకూరుతాయని ఆశిస్తున్నాము.